ఐదో చుట్టు నుంచి

డాబా మీద తీగకు బొంత ఆరేసి మనోరమ కర్రతో దులుపుతోంది. కుడిచేత్తో కొట్టే దెబ్బ ఎప్పుడూ అనుకున్న చోటికి జానెడు పక్కకే పడుతుంది. మెట్ల మీద ఎవరి అడుగులైనా వినిపిస్తున్నాయేమోనని ఒక్క క్షణం ఆగింది. ఎవరూ రావడం లేదు. కర్ర ఎడమచేతికి మార్చుకుంది. ఈసారి దెబ్బ నడిమధ్యన పడింది. పదకొండేళ్ళుగా ట్రంకుపెట్టెలో పడుకున్న నూలు, కలరా ఉండల వాసనతో మెల్లగా ఒళ్ళు విరుచుకుంది. దుమ్ము లేచి, ఎటు పోవాలో తోచనట్టు కాసేపు ఎండలో నిలబడింది. పక్క బిల్డింగు డాబా మీద పోటీ పరీక్షల పిల్లలు నలుగురు పుస్తకాలు మొహానికి దగ్గరగా పట్టుకుని, పిట్టగోడ వెంబడి అటూ ఇటూ నడుస్తూ చదువుకుంటున్నారు. అశోక్‌నగర్‌లో పొద్దుటిపూట డాబాలన్నీ ఇట్లా పెదాలు కదుపుతూ తిరుగుతుంటాయి.

చెప్పుల చప్పుడైంది. కర్ర కుడిచేతికి వచ్చేసింది. అందుకు ఆమె ఆలోచించనక్కర్లేదు. ఎండ పడితే కన్ను మూసుకున్నట్టే అది.

"రమా, అమ్మ పుట్టింది ముప్పై ఎనిమిదా, తొమ్మిదా?" భర్త జగన్మోహన్ ఆయాసపడుతూ పైకి వచ్చాడు. చేతిలో ఒక ఫారం, చొక్కా జేబులో మూత తీసిన పెన్ను.

"ముప్పై ఎనిమిది. పెన్నుకు మూత పెట్టుండ్రి, జేబు సిరా అయితది."

"చిక్కడపల్లి హాల్ల బొంతల పోటీ పెడుతున్నరు గద, గా రత్నమాల మేడం ఫోన్ జేసింది. అమ్మ బొంత పోటీల కాదంట. స్పెషల్‌గ పెడ్తరంట. పోయిన పెద్దలు కుట్టినయన్ని ఒక దిక్కు. పక్కన ఫోటో పెట్టి దండ గూడ ఏస్తరంట." బొంత అంచు పట్టుకుని వేళ్ళతో రుద్దాడు. "ఎంత కుట్టు కుట్టిందే అమ్మ. జర మెల్లగ దులుపు."

ఆయన మంచివాడు. రిటైరైన దగ్గర్నుంచీ తన బట్టలు తనే మడత పెట్టుకుంటున్నాడు. తాగిన గ్లాసు సింకు దాకా తెచ్చి పెడుతున్నాడు. ఆరిన బొంతను భుజాన వేసుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ కిందికి మోసుకుపోయింది కూడా ఆయనే. చెడ్డవాడైతే ఎప్పుడో ఒకనాడు కోపంలో చెప్పేసేది. మంచివాడికి ఎట్లా చెప్పాలో ముప్పై నాలుగేళ్ళలో ఆమెకు తోవ దొరకలేదు.

ఆ బొంతలో మొదటి నాలుగు చుట్లు తప్ప మిగతాదంతా కుట్టింది మనోరమ. ఇంట్లో దాని పేరు 'అమ్మ బొంత'. కట్టెల పొయ్యి పోయినా వంటింట్లో ఒక మూలకు 'పొయ్యి మూల' అనే పేరు నిలిచిపోయినట్టు, ఆ పేరూ నిలిచిపోయింది.

*

నల్లకుంటలో, రెండో తరగతిలో, పలక మీద ఎడమచేత్తో 'అ' రాసింది మనోరమ. పంతులమ్మ స్కేలు నిలువుగా తిప్పి వేళ్ళ కణుపుల మీద కొట్టింది. ఏడుస్తూ ఇంటికొస్తే వాళ్ళమ్మ కొట్టలేదు. వేళ్ళకు పసుపు రాసి, తన చేతిగాజుల్లోంచి రెండు చిన్నవి తీసి ఎడమచేతికి అదనంగా తొడిగింది. "బరువుంటే గుర్తుంటది బిడ్డా. బరువున్న చెయ్యి ముందుకు రావొద్దు." అప్పట్నుంచీ ఆమె ఎడమచేతికి రెండు గాజులెక్కువ. పెళ్ళిచూపుల్లో పళ్ళెం పట్టుకొచ్చినప్పుడు కుడిచెయ్యి వణికితే, సిగ్గు అనుకున్నారు. అత్తగారింట్లో ఆ రెండు గాజుల్నీ చూసి, అది నల్లకుంటవాళ్ళ ఫ్యాషన్ అనుకున్నారు.

అత్తగారు ఆదిలక్ష్మికి ఎడమచెయ్యి అంటే పడదు. పనిమనిషి ఎడమచేత్తో గిన్నె అందిస్తే మళ్ళీ కడిగించేది. "గా చేత్తోటి ఇస్తే ఇంట్ల లక్ష్మి నిలవది." "గా చేత్తోటి వడ్డిస్తే పైనోళ్ళు ముట్టరు." అవి మనోరమను అన్న మాటలు కావు, ఎందుకంటే ఆమె చెయ్యి సంగతి ఎవరికీ తెలియదు. కానీ గోడను చూసి అన్నా, పాలవాణ్ణి చూసి అన్నా, ప్రతి మాటా వచ్చి ఆ రెండు గాజుల మీద వాలేది. కూతురు నవత పుట్టి, పాకి, మొదటిసారి చెంచా కోసం చెయ్యి చాపినప్పుడు మనోరమ ఊపిరి బిగబట్టి చూసింది. కుడిచెయ్యి. ఆ రోజు గుడికి పోయి కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరికాయ గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

అత్తగారు బొంత మొదలుపెట్టింది నవత పై చదువులకు హాస్టల్‌కు వెళ్ళిన ఏడు. ఇంట్లో పాతబట్టలన్నీ కుప్పపోసి, లోపల పాతచీరలు పరిచి, పైన రంగురంగుల ముక్కలు పేర్చి, అంచు వెంబడి చుట్టుకుంటూ లోపలికి పోవాలని కూర్చుంది. నాలుగు చుట్లు తిరిగింది. ఐదో చుట్టు మొదలుపెట్టాల్సిన పొద్దున చాయ్ గ్లాసు చేతిలోంచి జారింది. కుడి పక్కంతా పడిపోయింది.

ఆమెకు ఎడమచెయ్యి బాగానే ఉండేది. దుప్పటి లాక్కోగలదు, దోమను కొట్టగలదు, కోపమొస్తే కర్ర విసరగలదు. కానీ ఆ చేత్తో అన్నం ముట్టనంది. "పస్తులన్న ఉంట గని, గా చేత్తోటి నోట్లె పెట్టుకోను." అందుకని ఏడేళ్ళపాటు, రోజుకు మూడుసార్లు, మనోరమ తన కుడిచేత్తో, తనకు ఎన్నడూ పూర్తిగా స్వాధీనం కాని చేత్తో, ముద్దలు కలిపి ఆమె నోటికి అందించింది. మెతుకులు మెడ మీద పడేవి. "సక్కగ పెట్టరాదా, చిన్నపిల్లవా?" అనేది అత్తగారు. చిన్నపిల్లే. ఆ చేతికి ఎప్పటికీ చిన్నపిల్లే.

మధ్యాహ్నం రెండున్నరకు ఇల్లు నిద్రపోయేది. జగన్మోహన్ ఆఫీసులో ఉండేవాడు. వీధిలో ఎక్కడో ఇస్త్రీపెట్టె ధబ్‌ధబ్‌మని పడుతుండేది. నారాయణగూడ వైపునుంచి బస్సుల హారన్లు, నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపించేవి. ఒకరోజు ఆ నిశ్శబ్దంలో ఆమె మంచం పక్కన చాప వేసుకుని, ఆగిపోయిన బొంతను ఒళ్ళోకి లాక్కుంది. గాజులు మోచేతి దాకా పైకి తోసింది. సూది ఎడమచేతిలోకి వచ్చింది. నలభై ఏళ్ళకు, ఎవరూ నేర్పకుండానే, ఆ చెయ్యి ఇంటికి తిరిగొచ్చిన మనిషిలా తలుపు తీసుకుని లోపలికి నడిచింది. మొదటి కుట్టే తిన్నగా పడింది. రెండోది దాని పక్కన, అంతే పొడుగున. చెయ్యి ఏం చెయ్యాలో ఆమె చెప్పాల్సిన పని లేదు. తలలో ఎప్పుడూ మోగే 'ఇటు కాదు, అటు' అనే చిన్న గొంతు ఆగిపోయింది. అది అన్నేళ్ళుగా మోగుతూ ఉందన్న సంగతి, ఆగాకే ఆమెకు తెలిసింది.

బొంతలో వీధులు కనిపించేవి. నవత స్కూలు లంగా నీలిరంగు ముక్క దాటితే జగన్మోహన్ ఆఫీసు చొక్కాల గళ్ళ సందు, ఆ మూల తిరిగితే తన అమ్మ ఆకుపచ్చ చీర. ఆ చీర ముక్క అరచేతంత కూడా ఉండదు కానీ, మనోరమ దాన్ని దాటడానికి మూడు మధ్యాహ్నాలు తీసుకుంది. అక్కడ నీడ ఉండేది. నడుస్తూ నడుస్తూ అక్కడ కూర్చునేది. లేచి చూస్తే నాలుగు దాటేది, పాలు పొంగేవి, కుక్కర్ కడగాల్సి ఉండేది. చేతులు మళ్ళీ చోట్లు మార్చుకునేవి.

ఒక మధ్యాహ్నం తల ఎత్తేసరికి అత్తగారు కళ్ళు తెరుచుకుని చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో. చూపు సూది మీద, సూది పట్టుకున్న చేతి మీద. మనోరమ సూది సగం గుచ్చిన చోటే ఆపింది. వీధిలో ఇస్త్రీపెట్టె పదిసార్లు పడింది.

"తలుపు దగ్గరికెయ్యి," అంది ఆదిలక్ష్మి. "ఎవలన్న జూస్తరు."

అంతే. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం కొడుకు వచ్చి, బొంత పెరిగిందే అంటే, ఎడమచెయ్యి దాని మీద వేసుకుని, "నేనే కుడ్తున్న మెల్లమెల్లగ" అంది. మనోరమ వంటింట్లో ఉప్పు వేయబోతూ ఆగింది. అది ఆమెను కాపాడడానికి అన్న మాటో, బొంతను తీసేసుకోవడానికి అన్న మాటో, రెండూనో ఇప్పటికీ తెలియదు. చుట్టాలొస్తే కూడా అదే చెప్పేది. వాళ్ళు "ఔరా!" అనేవాళ్ళు. అట్లా అన్నప్పుడు ఆమె వంకరపోయిన మూతి ఒక వైపు మాత్రం నవ్వేది. లేవలేని మనిషికి ఆ ఒక్క నవ్వు ఉండనీ అనుకుంది మనోరమ. బొంత మధ్యకు చేరి, ముడి పడ్డ నెలలోనే ఆమె పోయింది. ఉండనీ అనుకున్నది మాత్రం పోలేదు, అట్లాగే ఉండిపోయింది.

*

హాల్లో బొంతలన్నీ పైకప్పు కింది కడ్డీలకు వేలాడుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతుంటే ఒక్కొక్కటీ కొంచెం ఉబ్బి, కొంచెం తగ్గి, నిద్రపోయేవాళ్ళ రొమ్ముల్లా కదులుతున్నాయి. కిటికీ వెలుగు వాటి గుండా వచ్చి నేల మీద ఎర్రగా, పచ్చగా పడుతోంది. ఆ రంగుల మీద అడుగు వెయ్యాలంటే మనోరమకు మొహమాటంగా అనిపించింది. ఎడమ గోడ వెంబడి పోటీ బొంతలు. గొడుగుల గుడ్డతో కుట్టిందొకటి, మొగుడి టైలన్నీ కత్తిరించి కుట్టిందొకటి, పసిపిల్లలకు దిండంత బొంతలు పన్నెండు. కుడి గోడకు 'పెద్దల వరుస'. ప్రతి బొంత పక్కనా స్టూలు, స్టూలు మీద ఫోటో, ఫోటోకు బంతిపూల దండ.

మైకు దగ్గర సూదిలో దారం ఎక్కించే పోటీ జరుగుతోంది, అరవై దాటినవాళ్ళకు. "అక్కా, ఎంగిలి చేస్తే ఔట్!" అని ఎవరో అరిచారు. "ఎంగిలి చెయ్యకుంట దారం ఎక్కుతదా, పెండ్లి అయితదా!" అని ఇంకెవరో. హాలంతా గొల్లుమంది.

నిర్వాహకురాలు రత్నమాల నారాయణగూడలో ఉంటుంది, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైంది. కళ్ళజోడు తాడుకు వేలాడేసుకుని, చేతిలో అట్టముక్కల కట్టతో ఎదురొచ్చింది. "రండి రండి జగన్మోహన్ గారూ. మీ అమ్మగారి బొంత అదిగో, నాలుగోది. ఎంత బావుందో చూశారా? మనోరమ గారూ, మీరూ ఏదన్నా తేవలసిందండీ పోటీకి."

"ఆమెకేడ తీరిక మేడం, ఇంటిపనే సరిపోతది," అన్నాడు జగన్మోహన్ ప్రేమగా.

బొంత పక్కన ఆదిలక్ష్మి ఫోటో. దండలోంచి ఆమె మనోరమ వైపే చూస్తున్నట్టుంది. అరవై మంది పేర్లున్న ఆ హాల్లో, బతికుండి కూడా, పోయినవాళ్ళ వరుసలో వేలాడుతున్నది తనొక్కతే అనిపించింది మనోరమకు. భయం వెయ్యలేదు. కలలో మన ఇంటి ముందునుంచి మనమే నడిచిపోతున్నప్పుడు, పిలవాలో వద్దో తెలియని స్థితి అది.

న్యాయనిర్ణేతలు ముగ్గురు. అందరికంటే పెద్దది అడిక్‌మెట్ బీరమ్మ. నలభై ఏళ్ళు వీధులెంట "బొంతలు కుడ్తమమ్మా" అని కేకేసుకుంటూ తిరిగిన మనిషి. ఇప్పుడు కొంగుకు బ్యాడ్జీ పెట్టుకుని, అది ఊడిపోతుందేమోనని మాటిమాటికీ తడుముకుంటోంది. "నా కండ్లకు గోడే ఆనుతలేదు, నన్ను తెచ్చి జడ్జిని జేసిన్రు," అని నవ్వుతూ, ఒక్కో బొంతనూ వేళ్ళతో చదువుకుంటూ వస్తోంది. పెద్దల వరుసకు బహుమతులు లేవు. అయినా ఆమె అక్కడా ఆగింది. వేళ్ళు బొంత అంచు మీద పెట్టింది.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు. గట్టి చెయ్యి. జర కోపం గూడ ఉన్నట్టుంది ఈమెకు."

జగన్మోహన్ నవ్వాడు. "కోపం అంటే, ముక్కు మీదుండేది మా అమ్మకు!"

"ఆగు బిడ్డా." వేళ్ళు ఆగాయి. వెనక్కు వచ్చి, మళ్ళీ ముందుకు పోయాయి. "ఈడ చెయ్యి మారింది."

"ఏంటండీ?" అంది రత్నమాల.

"కుడిచేత్తోటి కుడితె దారం గుడి సుట్టు తిరిగినట్టు తిరుక్కుంట లోపటికి పోతది. నాలుగు సుట్లు గట్లనే పోయినయి. ఐదో సుట్టు కాడికెల్లి ఎనుకకు మర్రింది. ఇగ నడుమ దాంక ఉల్టానే. ఇది ఎడమచేతి కుట్టు, అమ్మా."

మనోరమ చెవుల్లో ఫ్యాన్ల చప్పుడు పెద్దదై, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. ఏడేళ్ళు తలుపు వేసుకుని నడిచిన ఆ వీధుల్లో, ఎవరో చూపు సరిగా లేని మనిషి చేతులు చాపుకుంటూ వచ్చి ఆమె భుజం తట్టినట్టయింది. ఇక దాచడానికేం లేదు. ఆయన ఇప్పుడు అంటాడు, మా అమ్మకు ఎడమచెయ్యి అంటే పడదు గదా అని. అప్పుడు అందరూ...

"అవు!" జగన్మోహన్ మొహం వెలిగిపోయింది. "అవు గద! నేనెన్నడు సోంచాయించనే లేదు మేడం. అమ్మకు నాలుగు సుట్లు కాంగనే కుడిదిక్కు పక్షవాతం వచ్చింది. ఏడేండ్లు మంచంలనే. అంటే మిగిలిందంత ఎడమచేత్తోటి కుట్టిందన్నట్టు!" ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎడమచెయ్యి అంటేనే పడని మనిషి. బొంత కోసమని దాన్ని గూడ నేర్చుకున్నది. ఎంత గొప్పది గదా మా అమ్మ."

"అయ్యో, ఎంత మాట చెప్పారండీ!" రత్నమాల తాడుకున్న కళ్ళజోడు పెట్టుకుంది. "ఇది మైకులో చెప్పాలి. ఉండండి, ముందు కార్డు మీద రాస్తాను." నలుగురైదుగురు దగ్గరికొచ్చారు. ఎవరో ఫోను ఎత్తి ఫోటో తీశారు. ఒకావిడ ఆదిలక్ష్మి ఫోటోకు దండం పెట్టింది.

మనోరమ అట్లాగే నిలబడింది. ఎడమచెయ్యి గొప్పది, ఇప్పుడు. మంచంలో ఉన్న తల్లికి అది పట్టుదల, అది వార్త, దానికి మైకు. ముద్ద నోట్లో పెట్టుకోవడానికి కూడా ఆ చేతిని రానివ్వని మనిషికి, ఆ చేతి పేరుతో దండ. ఆ ముద్దలన్నీ ఎవరు పెట్టారు? మెడ మీద పడ్డ మెతుకులు ఎవరు తుడిచారు? ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దూరంగా, పక్కవీధిలో పోతున్న ఊరేగింపులా. దానికంటే దగ్గరగా ఇంకొకటి ఉంది. ఎడమచేతికి ఉన్న ఆ రెండు గాజుల బరువు. చెయ్యి ముందుకు రావొద్దని తొడిగిన బరువు. ఇప్పుడు నోరు మూసుకుంటే, మైకులో చెప్పాక, కార్డు మీద సిరా ఆరాక, ఆ ఆకుపచ్చ నీడ కూడా తనది కాకుండా పోతుంది. తను నడిచిన వీధులకు ఇంకొకరి పేరు పెట్టేస్తారు.

బీరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపుతోంది. "ముసలిచెయ్యి కొత్తగ నేర్చుకుంటె మొదటి సుట్టు వంకర పోవాలె గద. ఇది మొదటి కుట్టుకెల్లి సాపుగున్నది. ఇది పుట్టుకతోటొచ్చిన చెయ్యి."

"మా అమ్మ పట్టుదల నీకు తెల్వది పెద్దమ్మా," అన్నాడు జగన్మోహన్.

"ఏమోనయ్యా. నా వేళ్ళయితె అబద్ధం జెప్పవు." ఆమె బొంత నడుమ దగ్గర ఒక చోట వేలు పెట్టింది. "ఈడ దారం తెగింది. దులిపినప్పుడు తెగిందో ఏమో. గిట్లనే యాలాడితె గుంజుకుంట పోతది. ఎవలన్న రెండు కుట్లెయ్యిండ్రి, నాకు ఆనదు." బ్యాడ్జీ పక్కన కొంగుకు గుచ్చుకున్న సూదిని, దారంతో సహా తీసి గాల్లోకి చాపింది.

"రమా, నువ్వెయ్యి," అన్నాడు జగన్మోహన్. "జర జాగ్రత్త. అమ్మది."

మనోరమ ముందుకు నడిచింది. అలవాటుగా కుడిచెయ్యి లేచింది. సూది దాకా పోయి ఆగింది. ఆ చెయ్యి అప్పటికి యాభై ఏళ్ళుగా ఆమె కోసం అబద్ధమాడుతోంది. పాపం, అది అలిసిపోయినట్టు కనిపించింది. దాన్ని మెల్లగా కిందికి దించింది. ఎడమచేతి గాజుల్లో పై రెండూ తీసింది. ఒకటి సులువుగానే వచ్చింది. రెండోది కణుపు దగ్గర పట్టింది, ఒకసారి తిప్పితే వచ్చింది. రెండింటినీ అత్తగారి ఫోటో ముందు, స్టూలు మీద పెట్టింది. సూది అందుకుంది.

మొదటి కుట్టు. రెండోది. మూడోది. పాత కుట్ల పక్కన అవి ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా కలిసిపోయాయి. ఆమె ముడి వేసి, వంగి, దారం పళ్ళతో తెంపింది.

బీరమ్మ వేళ్ళు వచ్చి ఆ చోటును తడిమాయి. అక్కణ్ణుంచి బయటికి, ఐదో చుట్టు దాకా వెనక్కు నడిచాయి. మళ్ళీ లోపలికి వచ్చి, బొంత మీదే ఉన్న మనోరమ చేతిని పట్టుకున్నాయి.

"ఇదే చెయ్యి," అంది బీరమ్మ.

దారం పోటీ అయిపోయినట్టుంది, మైకు ఊరికే గురగురమంటోంది. జగన్మోహన్ భార్య చేతినే చూస్తున్నాడు, ఎన్నాళ్ళనుంచో ఇంట్లోనే ఉన్న తలుపును ఇప్పుడే చూసినవాడిలా.

"రమా?"

"అవు," అంది మనోరమ.

"ఐదో సుట్టు నుంచా?"

"ఐదో సుట్టు నుంచి."

రత్నమాల చేతిలో కార్డు సగం రాసి ఉంది. చూసుకుని, దాన్ని రెండుగా చింపి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఆమె చేసిన ఆ చిన్న పనిని మనోరమ ఎప్పటికీ మరిచిపోదు. "మరి ఏం రాయమంటారండీ?"

"ఇటియ్యండి. నేను రాస్త."

కొత్త అట్టముక్క, స్కెచ్ పెన్ను. రెండో తరగతిలో పలక మీద 'అ' దగ్గర ఆగిన చెయ్యి అది. అక్షరాలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా, వరుస పైకి ఎక్కుతూ వచ్చాయి. 'క'కు తలకట్టు పక్కకు జారింది. అయినా ఆమె చెయ్యి మార్చలేదు. మొదటి నాలుగు చుట్లు: ఆదిలక్ష్మి, కుడిచేత్తో. ఐదో చుట్టు నుంచి నడుమ దాకా: మనోరమ, ఎడమచేత్తో.

చిక్కు ఒకటే మిగిలింది. బతికున్న మనిషి బొంత పెద్దల వరుసలో ఉండకూడదు. పోటీలో పెడదామంటే గడువు దాటిపోయింది. రత్నమాల నియమాల కాగితం అటూ ఇటూ తిప్పింది. "మరి ఎక్కడ వేలాడదీయను చెప్పండి?"

"గా కిటికి కాడ ఎయ్యిండ్రి," అంది బీరమ్మ. "గాలన్న తాకుతది."

*

తిరిగి వచ్చేటప్పుడు చిక్కడపల్లి మార్కెట్ దాకా ఇద్దరూ నడిచారు. కూరగాయల బండ్ల దగ్గర జగన్మోహన్ ఆగాడు. వంకాయలు చూస్తున్నట్టు చూసి, "ముప్పై నాలుగేండ్లు," అన్నాడు. "ఒక్క ఇంట్లనే ఉన్నం గద. నేనేం జూసిన మరి?"

మామూలుగా అయితే ఆమె 'పోనీయండి' అనేది. ఆయన మొహంలో నొప్పి కనిపిస్తే, ఆ నొప్పికి కారణం తనదైనా ఆయనదైనా, దాన్ని తుడిచే బట్ట ఎప్పుడూ ఆమె భుజం మీదే ఉండేది. అదీ ఒక పనే. వంటలా, బట్టల్లా అది కూడా తన పనేనని ఎవరూ చెప్పకుండానే చేస్తూ వచ్చింది. ఈసారి ఆమె ఆ పని చెయ్యలేదు. ఆ ప్రశ్న ఆయనది. ఆయన్నే మోసుకోనిచ్చింది. కూరగాయల సంచి మాత్రం ఎడమచేతిలోకి మార్చుకుంది. సంచి ఎంత తేలిగ్గా ఉందో!

మర్నాడు మధ్యాహ్నం వంకాయ కూర. జగన్మోహన్ పళ్ళెం ముందు కూర్చున్నాడు. అన్నం గరిటె ఎడమచేత్తో పట్టుకుని ఆమె వడ్డించడానికి వంగింది. గోడ మీద అత్తగారి ఫోటో ఉండే చోటు ఇంకా ఖాళీగానే ఉంది, ఆదివారం దాకా ఆమె హాల్లోనే. ఆయన కళ్ళు గరిటె వైపు లేచాయి. పెదవి కదిలింది. ముప్పై నాలుగేళ్ళు కాదు, అరవై ఏళ్ళుగా విన్న మాటేదో గొంతు దాకా వచ్చి నిలబడినట్టుంది. ఆమె చెయ్యి వెనక్కు తీసుకోలేదు, తొందరపడి వడ్డించనూ లేదు. ఆగింది.

ఆయన పళ్ళేన్ని ఆమె ఎడమ పక్కకు జరిపాడు.

ఒక్క మెతుకు కూడా కింద పడలేదు. అది ఆయన గమనించాడో లేదో కానీ, ఆమె గమనించింది.

*

ఆదివారం చివరి రోజు. బహుమతులు గొడుగుల బొంతకు, టైల బొంతకు పోయాయి. సర్దుకునే వేళకు మనోరమ హాలుకు ఒక్కతే వచ్చింది. అత్తగారి ఫోటో సంచిలో పెట్టుకుంది. దండ తీసి, ఒక పువ్వు తుంపి, దాని దగ్గరే ఉంచింది. స్టూలు మీద ఆ రెండు గాజులూ అట్లాగే ఉన్నాయి. వాటిని చూసింది. రత్నమాల దగ్గర పిల్లల బొంతల విభాగంలో అలంకరణకని గాజుల డబ్బా ఒకటుంది. వాటిని అందులో వేసింది. చిన్న చప్పుడు చేస్తూ మిగతావాటిలో కలిసిపోయాయి.

బొంత కిటికీ దగ్గర, రెండు వరుసలకూ నడుమ, ఒంటరిగా ఊగుతోంది. సాయంత్రపు వెలుగు దాని వెనకనుంచి వస్తోంది. లోపలి పొరల్లో ఎప్పుడూ కనిపించని చీరలు కూడా, నీడలు నీడలుగా తెలుస్తున్నాయి. ఐదో చుట్టు దగ్గర దారం వెనక్కు తిరిగిన చోటు, దూరంనుంచి చూస్తే, వీధి మలుపులాగే ఉంది.

అడిక్‌మెట్ వైపునుంచి వచ్చినట్టున్నారు, ఒక పడుచు ఆవిడ, ఆమె అత్తగారు కార్డు ముందు ఆగారు. పెద్దావిడ కళ్ళు చికిలించి చదవబోయింది. నవ్వింది.

"గింత పెద్ద బొంతకు గిసొంటి రాత రాసిన్రేందమ్మా? ఎవలన్న చిన్నపిల్లతోటి రాపిచ్చిన్రా?"

మనోరమ తన ఎడమచేతిని చూసుకుంది. గాజులు తీసిన చోట, మణికట్టు చుట్టూ తెల్లటి గీత.

"అవునమ్మా," అంది. "ఏడేండ్ల పిల్ల రాసింది. ఇప్పుడిప్పుడే బడికి పోతున్నది."